పెపేనా, సాలీసా?

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో, న్యూ హేవెన్‌లోని ఊస్టర్ వీధిలో ఈ రెండు పిజ్జా హోటళ్లూ కూతవేటు దూరంలోనే ఉంటాయి. పెపేని ఫ్రాంక్ పెపే 1925లో మొదలుపెట్టాడు. ఆయన మేనల్లుడు 1938లో సాలీస్ తెరిచాడు. రెండు చోట్లా పొయ్యిలో రాక్షసిబొగ్గే. అందుకే పల్చటి అంచులు అక్కడక్కడా నల్లబడి కరకరలాడతాయి. మాడిపోయిందని పక్కన పెట్టేయకండి, అసలు రుచి అక్కడే ఉంది.

పెపేలో అయితే వైట్ క్లామ్ పిజ్జా తినాలి. క్లామ్ అంటే ఒక రకం ఆల్చిప్ప మాంసం. టమాటా సాస్ ఉండదు. క్లామ్స్, వెల్లుల్లి, ఆలివ్ నూనె, ఒరెగానో, తురిమిన చీజ్, అంతే. ముక్క ఎత్తగానే వెల్లుల్లి వాసన గుప్పుమంటుంది.

సాలీస్‌లో అయితే ‘టమాటా పై’ (pie), అంటే టమాటా సాస్ పిజ్జా. మొజరెల్లా చీజ్ కావాలంటే అడిగి వేయించుకోవాలి, కానీ వద్దు. చింతపండు పులుపుతో పెరిగిన నాలుకకి ఆ టమాటా పులుపే చాలు. నా ఓటు సాలీస్‌కే. క్లామ్ మీద మనసుపోయిన రోజు మాత్రం పెపే లైన్లో ఓపిగ్గా నిలబడతాను.