లాబీనా, ఓటా, సంఘమా: పాలకు దొరికిన అండ పత్తికి ఎందుకు దొరకలేదు?

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో పత్తి జెండా పాట (పొద్దున వేలంలో పలికే ధర) పడిపోయినప్పుడల్లా రైతులు నన్ను అడిగేది ఒకటే. వేరే దేశంతో ఒప్పందమైనా, దిగుమతి సుంకమైనా ఢిల్లీలో మన మాట నెగ్గాలంటే ఏది మేలు? డబ్బిచ్చి లాబీ (మన తరఫున పైరవీ చేసేవాళ్ళను) పెట్టుకోవడమా, ఓట్లు చూపించి భయపెట్టడమా, పాలవాళ్ళ లెక్క సంఘం కట్టుకోవడమా?

ముందు లాబీ సంగతి. అమెరికాలో ఇది చాటుమాటు వ్యవహారం కాదు. 1938 నాటి చట్టం ప్రకారం, పరాయి దేశం తరఫున పనిచేసేవాళ్ళు పేరు నమోదు చేయించుకుని ఎంత తీసుకుంటున్నారో కాగితం మీద పెట్టాలి. మన రాయబార కార్యాలయం 2025 ఏప్రిల్లో ట్రంప్ పాత సలహాదారు జేసన్ మిల్లర్ సంస్థను ఏడాదికి 18 లక్షల డాలర్లకు పెట్టుకున్న సంగతి అట్లనే బయటపడింది. ఏం లాభం, ఆగస్టు 27 నుంచి మన సరుకు మీద 50 శాతం సుంకం పడనే పడింది. డబ్బిస్తే లోపలికి రానిస్తారు, అంతవరకే గ్యారంటీ. కాకపోతే అక్కడ లెక్క కనబడుతుంది. మన దగ్గర ఏ మిల్లుల సంఘం ఏ మంత్రిని ఎందుకు కలిసిందో రాసిపెట్టాలనే చట్టమే లేదు.

ఓటు బలానికి పెద్ద ఉదాహరణ ఫ్లోరిడాలో స్థిరపడ్డ క్యూబా వాళ్ళు. అప్పట్లో గట్టి పోటీ ఉండే ఆ రాష్ట్రంలో ఒకేచోట ఉన్నారు కాబట్టి క్యూబా మీద ఆంక్షలు దశాబ్దాల పాటు కదలలేదు, 1996లో ఇంకా బిగిశాయి. మరి జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ పోయినవాళ్ళ సంగతి? ఓటు ఊళ్ళోనే, మనిషి దుబాయ్‌లో, వేయాలంటే ఫ్లైట్ ఎక్కి రావాలి. 2020లో వాళ్ళ కనీస వేతన పరిమితిని కేంద్రం తగ్గించేసింది, హైకోర్టుకెక్కి గొడవ చేస్తే గానీ మరుసటి ఏడాది వెనక్కి తీసుకోలేదు.

నా లెక్కలో అసలు తేల్చేది డబ్బూ కాదు, ఓటూ కాదు. మనం అడిగేదానికి ఎదురు కోరుకునేవాడు మన దేశంలోనే ఉన్నాడా లేడా అన్నది. 2019 నవంబర్ 4న బ్యాంకాక్‌లో మోదీ ఆర్‌సెప్‌లో (చైనా, న్యూజిలాండ్ కూడా ఉన్న ఆసియా-పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం) చేరమని తేల్చేశారు. చైనా సరుకు భయం ఉంది, నిజమే, కానీ న్యూజిలాండ్ పాలపొడి వస్తే మునిగిపోతామని అమూల్‌తో సహా డెయిరీలన్నీ ఒక్క గొంతుతో అన్నాయి, విదేశీ పాలు చవగ్గా కావాలని వాటికి దీటుగా అడిగే పరిశ్రమ ఏదీ మన దగ్గర లేదు. పత్తికి అట్ల కాదు. రైతు అమ్మే సరుకే మిల్లుకు ముడిసరుకు. అమెరికా సుంకం దెబ్బకు బట్టల ఎగుమతులు పోతాయని మిల్లులు మొత్తుకుంటే, 2025 ఆగస్టు 19 నుంచి పత్తి దిగుమతి మీద ఉన్న 11 శాతం సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. మొదట సెప్టెంబర్ నెలాఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబర్ 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలు! ఆ సీజన్‌లో మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు ఉండింది కదా అంటారు, తేమ మిషన్‌లో 12 శాతం దాటితే సీసీఐ (కేంద్రం పత్తి కొనుగోలు సంస్థ) కొనదు, ఇక ప్రైవేటు ఖరీదుదారు చెప్పిందే ధర. పాల రైతుల విషయంలో రాజీ పడమని మాట ఇచ్చింది కూడా ఆ ఆగస్టులోనే, అదే ప్రభుత్వం.

అందుకే నేను సంఘం వైపే మొగ్గుతాను, కానీ ధర్నాలు చేసే సంఘం వైపు కాదు. ములుకనూరు మహిళా డెయిరీ చూడండి, పాలు పోసేవాళ్ళదే డెయిరీ, ధర తగ్గితే లాభపడే కొనుగోలుదారు వేరే ఎవరూ మధ్యలో లేరు. పత్తి రైతుకు పత్తి కొనే మిల్లులో వాటా వచ్చేదాకా ఢిల్లీకి రెండు అర్జీలు పోతూనే ఉంటాయి, ఒకటి సుంకం ఉంచమని, ఒకటి తీసేయమని, రెండోదాన్ని పట్టుకెళ్ళేవాడికే అపాయింట్‌మెంట్ ముందు దొరుకుతుంది.

థింక్ ట్యాంకులు (విధానాల మీద సలహాలిచ్చే మేధావుల సంస్థలు), సదస్సులు కూడా ఉన్నాయి కదా అని ఒకరిద్దరు అడిగారు. ఉన్నాయి. భోజనాలు బాగుంటాయి.