కాలువ గట్టు నర్సరీ: ఇరవై ఏళ్లు దాటిన వాడకం తర్వాత

2003 జూన్‌లో, తొలకరి పడిన వారానికి, తాడేపల్లిగూడెం దగ్గరి మా చిన్న పట్టణంలో కాలువ గట్టు మీద ఉన్న నర్సరీ నుంచి ఆరు మామిడి అంట్లు, రెండు సపోటాలు, మూడు జామ మొక్కలు, ఒక నిమ్మ తెచ్చి మా ముప్పై సెంట్ల దొడ్డిలో నాటాను. ఆ తర్వాత ఇన్నేళ్లలో అక్కడ కొన్నవి చిన్నా పెద్దా కలిపి అరవై దాటాయి. ఆ నర్సరీ యజమాని గత ఏడాది నవంబరులో ప్రభువునందు నిద్రించారు. మా ఊరి లూథరన్ మందిరంలో జరిగిన జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు ఎవరైనా రెండు మాటలు చెప్పవచ్చునన్నప్పుడు నేను లేచి నిలబడ్డాను గానీ, గొంతు పెగలక కూర్చుండిపోయాను. అక్కడ చెప్పలేకపోయినదాన్ని, ఆయన ఇచ్చిన మొక్కల్లో ఏవి బతికాయో, ఏవి పోయాయో, ఏవి ఇప్పటికీ కాస్తున్నాయో లెక్క చెప్పే విధంగా ఇక్కడ రాస్తున్నాను. పొగడ్త వింటే తల దించుకునే మనిషి గనుక, ఆయనకు కూడా ఇదే నచ్చేదని నా నమ్మకం.

మేమంతా ఆయనను బాబాయి గారు అని పిలిచేవాళ్లం. కుర్రతనంలో కడియపులంక నర్సరీల్లో కూలికి వెళ్లి అంటు కట్టడం నేర్చుకుని, తిరిగి వచ్చి కౌలుకు తీసుకున్న అర ఎకరంలో సొంతంగా మొదలుపెట్టారు. కడియం వైపు రోడ్డు పొడుగునా కనిపించే రంగురంగుల అలంకరణ మొక్కలు ఈయన దగ్గర దాదాపు ఉండేవి కావు. పండ్ల మొక్కలు, కొబ్బరి, మల్లె, కొన్ని నీడ చెట్లు మాత్రమే పెంచేవారు. ఇంటి ముందు కుండీల కోసం వెళ్లినవారికి ఆ నర్సరీ నిరాశ కలిగించేది, అది నిజమే.

మామిడి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. అంటు మామిడి నాటిన మూడు నాలుగేళ్లకు కాపుకు వస్తుంది, నికరమైన కాపు చూడాలంటే అయిదేళ్లు పడుతుంది. అమ్మినవాడు బంగినపల్లి అన్నది బంగినపల్లి అవునో కాదో అప్పటిదాకా కొన్నవాడికి తెలియదు, తెలిసేనాటికి గుంతకు పెట్టిన ఎరువు, పోసిన నీరు, గడిచిన కాలం ఏవీ తిరిగి రావు. అందువల్ల ఈ వ్యాపారం మొత్తం అమ్మేవాడి మాట మీదే నిలబడుతుంది. బాబాయి గారి దగ్గర ఒక గీతల పుస్తకం ఉండేది. ఏ తల్లి చెట్టు నుంచి కొమ్మ తెచ్చారో, ఏ నెలలో అంటు కట్టారో, ఎన్ని పట్టాయో, ఎన్ని ఎండిపోయాయో అందులో పెన్సిలుతో రాసుకునేవారు. మొక్క అడిగితే ముందు ఆ పుస్తకం తెరిచి, ఇది ఫలానా ఊళ్లో ఫలానా తోటలో కాస్తున్న చెట్టుదని చెప్పి, వీలైతే వెళ్లి ఆ కాయ చూసి రమ్మనేవారు. నేను ఒకసారి నిజంగానే సైకిలు మీద వెళ్లి కొత్తపల్లి కొబ్బరి అనే రకం మామిడి చెట్టును ఒకదాన్ని చూసి వచ్చాను.

అంటు కట్టిన చోట చుట్టే ప్లాస్టిక్ పట్టీని అమ్మేముందు తానే విప్పేవారు. చాలాచోట్ల దాన్ని అలాగే వదిలేస్తారు, కాండం లావెక్కేకొద్దీ అది లోపలికి కోసుకుపోయి, గాలివానకు చెట్టు సరిగ్గా అక్కడే విరుగుతుంది. కవరులో ఎక్కువ కాలం ఉండి వేళ్లు అడుగున చుట్టుకుపోయిన మొక్కను అడిగినా అమ్మేవారు కాదు. అంటు భాగం నేలకు జానెడు పైన ఉండేలా నాటమని, దాని కింద, వేరు కోసం వాడిన టెంక మొక్క నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు తుంచేయమని, మొదటి మూడేళ్ల పూతను మనసు రాయి చేసుకుని రాల్చేయమని ప్రతి ఒక్కరికీ చెప్పేవారు. మే నెలలో వెళ్తే మొక్క ఇవ్వకుండా పంపేశారు. “మాస్టారూ, ఇప్పుడు మూడడుగుల గుంత తీసి ఎండనివ్వండి. తొలకరి పడ్డాక రండి, మీ మొక్కలు పక్కన పెడతాను” అన్నారు. పెట్టారు కూడా.

ఆరు అంట్లలో అయిదు ఆయన చెప్పిన రకాలే అయ్యాయి: రెండు బంగినపల్లి, రెండు చిన్న రసం, ఒక సువర్ణరేఖ. ఆరవది కొత్తపల్లి కొబ్బరి అని ఇచ్చినది. అయిదో ఏట అది కాసిన కాయ చిన్నది, పీచు ఎక్కువ, ఆవకాయకు పనికిరాలేదు, పండితే పుల్లగా ఉంది. రెండు కాయలు సంచిలో వేసుకుని వెళ్లి ఆయన ముందు పెట్టాను. కోసి, రుచి చూసి, పుస్తకం తెరిచి చాలాసేపు చూశారు. పై అంటు ఎప్పుడో చచ్చిపోయి, కింది టెంక మొక్కే పెరిగి ఉంటుందని ఆయన అనవచ్చు, నేను చిగుళ్లు తుంచలేదని నా మీద నెట్టవచ్చు, కాదనడానికి నా దగ్గర ఆధారం లేదు. ఆయన ఆ రెండూ అనలేదు. “తప్పు నా వైపే జరిగింది. ఆ బ్యాచిలో కొమ్మలు కలిసిపోయినట్టున్నాయి” అన్నారు. ఆ చలికాలం చివర స్వయంగా వచ్చి చెట్టు తల కోసి, కోసిన చోట పేస్టు పూసి, కొత్త చిగుళ్లు ముదిరాక జూలైలో మళ్లీ వచ్చి వాటి మీద అంట్లు కట్టారు. ఏడు కడితే అయిదు పట్టాయి. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. ఆ ఏడాది అదే బ్యాచి మొక్కలు కొన్న మరో నలుగురి ఇళ్లకు, వారు ఫిర్యాదు చేయకపోయినా, పుస్తకంలో పేర్లు చూసుకుని తానే వెళ్లారని చాలా కాలం తర్వాత ఆయన కూతురు చెబితే తెలిసింది. ఆ చెట్టు ఇప్పుడు మా ఇంటి ఆవకాయకు, మా అక్క వాళ్ల ఇంటి ఆవకాయకు కూడా చాలినంత కాస్తున్నది.

సపోటాలు పాల అనే చెట్టు మొక్క వేరు మీద కట్టినవి, పెరుగుదల నిదానం, ధర ఎక్కువ. ఇప్పటికి మాత్రం అవే దొడ్డిలో దృఢమైన చెట్లు. జామల్లో రెండు ఎండు తెగులుతో పోయాయి, మా నల్ల నేలలో నీరు నిలుస్తుందని, కట్ట పోసి నాటమని ఆయన హెచ్చరించినా నేను వినలేదు. నిమ్మ సాధారణం.

కొబ్బరి విషయం మరో సాక్ష్యం. సర్పిలాకార తెల్లదోమ 2016లో మన దేశంలో బయటపడి గోదావరి జిల్లాల కొబ్బరికి పాకినప్పుడు, ఆయన రెండు సీజన్లు కొబ్బరి మొక్కలు అమ్మడం మానేశారు. ఆకు అడుగున గుడ్లతో ఒక మొక్క వెళ్తే ఆ ఇంటికే కాక ఆ వీధికంతటికీ పురుగును పంపినట్టేనని ఆయన భయం. ఆ రెండేళ్లు ఆయనకు ఎంత నష్టం కలిగించాయో నేను అడగలేదు, కానీ ఆ రోజుల్లోనే పాత మోటారు సైకిలు అమ్మేశారని గుర్తుంది.

నర్సరీ ఆదివారం మూసి ఉండేది. జూన్ నుంచి ఆగస్టు వరకు మొక్కల బేరం ఎక్కువగా సాగేది ఆదివారాల్లోనే, ఉద్యోగస్థులకు తీరిక దొరికేది ఆ ఒక్క రోజే. భీమవరం నుంచి వచ్చిన మా బంధువులు గేటు చూసి వెనుదిరిగినప్పుడు నాకు కోపం వచ్చింది, మొదటి ఏళ్లలో ఎవరైనా నన్ను అడిగితే దీన్ని లోపంగానే చెప్పేవాణ్ని. తర్వాత ఒక ఆదివారం పనిమీద మందిరం వైపు వెళ్లినప్పుడు, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, చివరి వరుసలో కూర్చుని, పుస్తకం చూడకుండా కీర్తన పాడుతున్న ఆయనను కిటికీలోంచి చూశాను. నర్సరీలో ఆయన గొంతు అంత పెద్దగా నేనెప్పుడూ వినలేదు. ఆ తర్వాత నేను శనివారాలే వెళ్లాను.

ఆ మందిరం ఆవరణలోని పొగడ చెట్లు, సమాధుల తోటలోని దేవగన్నేరులు ఆయన నాటినవే, శనివారం సాయంత్రం వాటికి నీళ్లు పెట్టి గాని ఇంటికి వెళ్లేవారు కాదు. మట్టల ఆదివారానికి పిల్లల చేతుల్లోకి మట్టలు ఆయన తోట నుంచే వెళ్లేవి. కోత పండుగనాడు అందరూ కూరగాయలు, కోళ్లు తెస్తే, ఆయన ఆ ఏడాది కట్టిన అంట్లలో అన్నిటికంటే బాగా పట్టినదాన్ని తెచ్చి వేలానికి పెట్టేవారు. మిగిలిపోయిన మొక్కను ఒక్కసారి కూడా తేలేదని సంఘ పెద్ద ఒకరు జ్ఞాపకార్థ కూడికలో చెప్పారు. నేను ఆ సంఘం సభ్యుణ్ని కాను, అయినా ఆ వేలంలో రెండుసార్లు పాడి మొక్క గెలుచుకున్నాను.

ఇప్పుడు నర్సరీని ఆయన కూతురు, అల్లుడు నడుపుతున్నారు. స్థలం సగానికి తగ్గింది, పండ్ల మొక్కల రకాలు కూడా తగ్గాయి. రకం పేరు రాసిన రశీదు అప్పుడూ ఇచ్చేవారు కాదు, ఇప్పుడూ ఇవ్వడం లేదు, ఇది మారాలని అమ్మాయికి చెప్పాను. ఆదివారం ఇప్పటికీ సెలవే. ఈ జూన్‌లో వెళ్లినప్పుడు, ఆయన చివరిసారి తన చేతులతో కట్టిన బంగినపల్లి అంట్లు పదకొండు మిగిలి ఉన్నాయి, రెండు తీసుకున్నాను. ఆ అమ్మాయి పట్టీలు విప్పి, వేళ్లు చూసి, గీతల పుస్తకంలో ఆయన రాసిన వరుస కిందనే నా పేరు, తేదీ పెన్సిలుతో రాసింది.