పాత బండి ట్రిమ్ విప్పే సెట్: ప్లయర్ కోసం కొనండి, క్లిప్పుల డబ్బాను నమ్మకండి

ట్రిమ్ అంటే కారు బాడీ మీద క్లిప్పులతోనో టేపుతోనో బిగించే ప్లాస్టిక్ పట్టీలు, పలకలు. ఏ పేరుతో అమ్మినా వాటిని విప్పే ఈ సెట్‌లో ఉండేవి దాదాపు ఇవే: సందులో దూర్చి ఎత్తే నాలుగైదు నైలాన్ బద్దలు, మూతి చీలిన ఇనుప ఫోర్క్ ఒకటి, క్లిప్ ప్లయర్ ఒకటి, రకరకాల ప్లాస్టిక్ క్లిప్పులున్న డబ్బా. కొత్త బండికైతే వీటిలో ఏదో ఒకటి పనిచేస్తుంది. ఏళ్ల తరబడి ఎండకు పెళుసెక్కిన డోర్ క్లాడింగ్ (తలుపు బయటివైపు కప్పే ప్లాస్టిక్ పలక), చక్రాల మీది ఆర్చ్ పట్టీలు విప్పేటప్పుడే సెట్ నాణ్యత బయటపడుతుంది.

బద్దలు బాగానే ఉన్నాయి. గ్లాస్ ఫైబర్ కలిపిన నైలాన్ అయితే గట్టిగా నిలుస్తుంది, మామూలు ప్లాస్టిక్‌వి రెండో క్లిప్పుకే మూతి మడతపడతాయి. నైలాన్ పెయింట్‌ను గీకదనే మాట మాత్రం సగమే నిజం. బద్ద కింద ఇరుక్కున్న ఇసుక రేణువే గీత పెడుతుంది. అందుకే ముందు బండి కడగాలి, ట్రిమ్ అంచు వెంట పెయింట్ మీద మాస్కింగ్ టేప్ రెండు పొరలు వేయాలి.

సెట్‌లో అసలు విలువైనది ప్లయర్. ట్రిమ్ వెనక క్లిప్పు తల కూర్చునే చిన్న గూడు ఉంటుంది. అంచు పట్టుకొని లాగితే బలమంతా ఆ గూటి మీద పడుతుంది. పాత ప్లాస్టిక్‌లో ముందు విరిగేది అదే, దాన్ని మళ్లీ అతికించడం చాలా కష్టం. బద్దతో కాస్త సందు చేసి, ప్లయర్ మూతిని క్లిప్పు తల కిందకు చొప్పించి నొక్కితే, లాగుడు గూటి మీద పడకుండా క్లిప్పు మీదే పడుతుంది. అంతకు ముందు హెయిర్ డ్రయర్‌తో వేడి చేయాలి. చెయ్యి ఆన్చి ఉంచగలిగేంత వేడి చాలు. హీట్ గన్ దగ్గరగా పెడితే గరుకు ఉపరితలం కరిగి నున్నగా మెరుస్తుంది, ఆ మచ్చ ఇక పోదు.

చక్రం ఆర్చ్ లోపలి అంచున, కింద సిల్ (తలుపు కింది గడప) దగ్గర ఉన్న స్క్రూలు ముందు తీయాలి. మధ్యలో పిన్ను ఉన్న క్లిప్పులు రెండు రకాలు: కొన్నింటికి పిన్నును పైకి లాగాలి, కొన్నింటికి రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి నొక్కాలి. ప్లస్ గాడి ఉన్న ప్లాస్టిక్ స్క్రూ పైకి రాకుండా ఊరికే తిరుగుతుంటే, ఫోర్క్‌తో తల కింద ఎత్తిపట్టి తిప్పండి. క్లిప్పులన్నీ వదిలినా క్లాడింగ్ రావట్లేదంటే వెనక కొక్కేలు ఉన్నట్టే. దాన్ని ముందుకో వెనక్కో జరపాలి, ఎదురుగా లాగకూడదు.

డబ్బా దగ్గరే ఈ సెట్ నిరాశపరుస్తుంది. క్లిప్పులు చూడ్డానికి అసలువాటిలాగే ఉంటాయి, కానీ కాడ మందం అర మిల్లీమీటరు తేడా ఉన్నా చాలు: సన్నమైతే ట్రిమ్ గడగడలాడుతుంది, లావైతే గుద్దాల్సొచ్చి గూడు పగులుతుంది. పైగా తల కింద ఉండాల్సిన ఫోమ్ వాషర్ చాలావాటికి లేదు. అది లేకపోతే రేకు రంధ్రంలోకి నీళ్లు దిగి, ట్రిమ్ చాటున తుప్పు మొదలవుతుంది. పాత క్లిప్పు కాడ మందం, పొడవు, తల వెడల్పు, రేకులోని రంధ్రం వెర్నియర్‌తో (సన్నని కొలతలు తీసే పరికరం) కొలిచి, ఆ కొలతకే విడిగా కొనండి. విప్పబోయే ప్రతి క్లిప్పుకూ కొత్తది చేతిలో ఉన్నాకే పని మొదలుపెట్టడం మేలు.

బిగించే ముందు రంధ్రాల అంచున తుప్పు గీకి, ప్రైమర్, టచప్ పెయింట్ వేసి పూర్తిగా ఆరనివ్వాలి. టేపుతో అంటించిన పట్టీలకు ఈ సెట్ పనికిరాదు. చేపల గాలం దారంతో రంపం కోసినట్టు అటూ ఇటూ లాగి ఫోమ్‌ను కోయడమే మంచిది. మళ్లీ అంటించేటప్పుడు రెండువైపులా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. వెనక ‘పీపీ’ అని అచ్చుంటే అది పాలీప్రొపిలీన్, అడ్హీషన్ ప్రమోటర్ (అంటు పెంచే ద్రవం) రాయనిదే టేపు పట్టదు. ఆక్రిలిక్ ఫోమ్ టేపుకు గది వేడిమిలో పూర్తి పట్టు రావడానికి దాదాపు 72 గంటలు పడుతుంది. అప్పటిదాకా బండి కడగొద్దు.

క్లాడింగ్ ఎక్కించేటప్పుడు ముందు కొక్కేలు, తర్వాత ఒక చివరి నుంచి వరసగా క్లిప్పులు. సరిగ్గా క్లిప్పు ఉన్నచోటే అరచేత్తో నొక్కాలి. ‘టక్’మని వినిపించని చోట ఇంకా గట్టిగా గుద్దకుండా విప్పి చూడండి. చాలాసార్లు కాడ రంధ్రంలోకి దిగకుండా పక్కకు వంగి ఉంటుంది.