మా బైనాక్యులర్ రబ్బరు కప్పు

ఈ 8×42 బైనాక్యులర్ కొని నాలుగేళ్లు దాటింది. బరువెంత, ఎంత పెద్దగా చూపిస్తుంది అనేవి డబ్బా మీదే ఉంటాయి కాబట్టి వదిలేస్తున్నా. నా గోలంతా కంటికి ఆనించుకునే చోట ఉండే రబ్బరు కప్పుల గురించే. ఒకవైపు తిప్పితే పైకి లేస్తాయి, ఇంకోవైపు తిప్పితే కిందికి దిగుతాయి. కొన్న రోజు వాటిని పట్టించుకోనే లేదు.

మొదటిసారి దీంతో పోయింది రోళ్లపాడు అభయారణ్యానికి. కర్నూలు ఎండలు తెలిసినవే, అందుకని చీకట్లోనే బయల్దేరి నందికొట్కూరు మీదుగా పోయాం. క్యారియర్‌లో ఉగ్గాని, వెనక సీట్లో ఇద్దరు పిల్లలు, వాళ్ల మధ్య మా అమ్మ. గడ్డి మైదానంలో కృష్ణజింకలు దూరంగా చుక్కల్లా ఉన్నాయి. పిల్లలు చూసి ఎగిరి గంతులేస్తుంటే, అమ్మకు మాత్రం నడుమ చిన్న బొట్టంత వెలుగు, చుట్టూ నలుపు. కళ్లద్దాలు తీసి చూడమంటే, "అవి తీస్తే నీ యంత్రం యాడుందో కూడా కనపడదు" అంది. విసుగ్గా లాక్కుని ఏదో తిప్పాను. కప్పులు దిగాయి, అంటే కళ్లద్దాలున్నా కన్ను దగ్గరికి ఆనుతుంది. మళ్లీ ఇచ్చాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒరే, కొమ్ములు మర తిప్పినట్టుండాయి కదరా!" అంది. చిన్నప్పుడు వాళ్ల చేలల్లోకి వచ్చి పంట మేస్తుంటే తరిమేవాళ్లట. "ఎప్పుడు చూసినా దాని వీపే చూసినాం, మొహం ఇప్పుడే."

ఆ రోజు నుంచి అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ ఈ బైనాక్యులర్ కొనమని చెప్పాను. ఒకసారి మాత్రం దీన్ని ఉత్తపుణ్యానికి తిట్టాను. పొద్దెక్కి పదకొండయ్యాక పోతే జింకలన్నీ నీళ్లలో ఉన్నట్టు వణికాయి. తర్వాత తెలిసింది, కాలిన నేల మీద వేడిగాలి కదిలితే ఏ అద్దమైనా అంతే. ఇక బట్టమేక పిట్ట సంగతి. 1988లో ముఖ్యంగా దాని కోసం పెట్టిన అభయారణ్యం, ఇన్నిసార్లు పోయినా మాకు దాని ఈక కూడా కనబడలేదు. అందులో బైనాక్యులర్ తప్పేమీ లేదు.

తప్పు వీరాపురంలో బయటపడింది. అనంతపురంలో మా అక్క వాళ్లింటికి పోయి, అక్కడి నుంచి అందరం చిలమత్తూరు వైపు కదిలాం. ఆ ఊరి చింతచెట్ల మీద ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి గూళ్లు పెడతాయి. ఊరివాళ్లు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటారు. నిజానికి అక్కడ బైనాక్యులర్ అక్కర్లేదు, తలెత్తితే చాలు. కానీ పిల్లకొంగల నోట్లో తల్లి ఏం పెడుతుందో చూడాలని అమ్మ పట్టు.

దారి పొడవునా మావాడు కుడివైపు కప్పును కిర్రు కిర్రుమని తిప్పుతూనే ఉన్నాడు. అప్పటికే అది లూజుగా ఉందని నాకు తెలుసు, చెప్పలేదంతే. అమ్మ కంటికి ఆనించగానే అది ఊడి రెట్టలు పడి తెల్లబారిన చెట్టు మొదట్లోకి దొర్లిపోయింది. ఇనుప అంచు తగిలి ఆమె కొత్త కళ్లద్దానికి గీత. పిల్లకొంగలను ఎవరూ చూడలేదు. అమ్మ మనవణ్ణి ఏమీ అనలేదు, నన్నే అంది.

కంపెనీకి ఫోన్ చేస్తే మొత్తం వస్తువు పంపమన్నారు. ఆ ఖర్చుకు ఇంకాస్త వేస్తే కొత్తదే వస్తుంది. చివరికి కర్నూల్లో వాచీలు బాగుచేసే ఆయన సైకిల్ ట్యూబు ముక్క చుట్టి, కప్పును దింపిన చోటే బిగించేశాడు. ఇక అది లేవదు.

అమ్మకు అదే కావాలి. అద్దాలు లేని నాకు మాత్రం కన్ను కాస్త అటూఇటూ అయితే చాలు, నల్లటి నీడలు అడ్డొస్తాయి. నుదుటికి వేలు అడ్డం పెట్టి, కొంచెం ఎడంగా పట్టుకుని చూస్తున్నా. మీ ఇంట్లో కళ్లద్దాలవాళ్లు ఉంటే, చేతులు ఊరుకోని పిల్లలు లేకుంటే కొనొచ్చు. మా ఇంట్లో ఇద్దరూ ఉన్నారు. కొత్తది కొందామా అంటే అమ్మ ఒప్పుకోవట్లేదు, ఇది తనకు సరిపోయిందట.