స్కాట్లాండ్స్‌పీపుల్: మా అల్లుడి ముత్తవ్వ కోసం కొన్నేళ్ళుగా వాడుతున్నాను

మా అల్లుడి అమ్మమ్మకు తల్లి స్కాట్లాండ్‌లో పుట్టి, పెళ్ళి కాకముందే ఓడెక్కి అమెరికా వచ్చింది. న్యూజెర్సీలోని కెర్నీలో కాపురం చేసి అక్కడే పోయింది. ఆమె గురించి ఇంట్లో మిగిలినవి ఒక పాత ఫొటో, పైస్లీ అనే ఊరి పేరు, అంతే. మనవరాలికి ఆమె కథ తెలియాలని, స్కాట్లాండ్ ప్రభుత్వ రికార్డుల శాఖ నడిపే ఈ సైట్‌ని కొన్నేళ్ళుగా వాడుతున్నాను. ఆడవాళ్ళ జాడ వెతకడానికి ఇంతగా పనికొచ్చింది నాకింకోటి దొరకలేదు.

స్కాట్లాండ్‌లో 1855 నుంచి జనన మరణాలు, పెళ్ళిళ్ళు ప్రభుత్వ రిజిస్టర్లలోకి ఎక్కాయి. పెళ్ళయినా ఆడమనిషి పుట్టింటి పేరు ఆ రికార్డుల్లో పోదు. ఎవరైనా చనిపోతే వాళ్ళ తల్లి పుట్టింటి పేరు కూడా రాస్తారు. అమెరికా జనాభా లెక్కల్లో మాత్రం ఆమె భర్త ఇంటిపేరుతోనే కనిపిస్తుంది. 1922 దాకా భర్త పౌరుడైతే భార్యా పౌరురాలే కాబట్టి, పౌరసత్వం ఫైలు కూడా ఆమె పేరున లేదు. కెర్నీలో జరిగిన పెళ్ళి రికార్డులో ఆమె తల్లిదండ్రుల పేర్లు దొరికాకే స్కాట్లాండ్ వైపు దారి కనిపించింది.

అక్కడ ఇంకో చిక్కు. అవే పేర్లు తిప్పి తిప్పి పెట్టుకునేవాళ్ళు కాబట్టి, ఆ పేరున్న ఆడపిల్లలు పైస్లీలో చాలామంది ఉన్నారు. తల్లి పుట్టింటి పేరు సరిపోయిన జనన పేజీ తెరుచుకునేదాకా టెన్షనే. ఆ ఒక్క పేజీలో ఎంతుందో! తండ్రి వృత్తి, ఇంటి చిరునామా, తల్లిదండ్రుల పెళ్ళి ఎప్పుడు ఎక్కడ జరిగిందో, చివరికి బిడ్డ పుట్టిన గంటా నిమిషాలతో సహా. మనవాళ్ళయితే ఆ పేజీతో జాతకం రాయించేస్తారు. నమోదు చేయించింది తల్లే. సంతకం రాక ఇంటూ గుర్తు పెట్టింది. టైపు చేసిన వివరాలు కాకుండా అసలు రిజిస్టరు పేజీ ఫొటోనే ఇస్తారు కాబట్టి ఆ గుర్తును కళ్ళారా చూశాను.

1911 స్కాట్లాండ్ జనాభా లెక్కల్లో ఆమె దారం మిల్లులో పనిచేస్తోంది. మన కుట్టుపని వాళ్ళకు తెలిసిన మధురా కోట్స్‌లోని కోట్స్ ఆ పైస్లీ కంపెనీయే. కెర్నీ ప్రాంతంలో మిల్లు పెట్టిన క్లార్క్ కంపెనీదీ పైస్లీయే, అందుకే అక్కడి జనం ఇక్కడికొచ్చారు. అదే లెక్కల్లో తల్లికి పుట్టిన పిల్లలెందరో, బతికున్నవాళ్ళెందరో పక్కపక్క గడుల్లో ఉంది. ఆ రెండు అంకెల మధ్య తేడా చూశాక ఆ రోజు నేనింకేం వెతకలేకపోయాను.

ఓడ సంగతి, అప్పట్లో న్యూయార్క్‌లో దిగిన వలసదారులను తనిఖీ చేసిన ఎల్లిస్ ఐలాండ్ వాళ్ళ ఉచిత డేటాబేస్‌లో దొరికింది. గ్లాస్గోలో ఎక్కి న్యూయార్క్‌లో దిగింది. ప్రయాణికుల పట్టికకు రెండో పేజీ కూడా ఉంటుంది, చాలామంది మొదటిదానితో ఆపేస్తారు. ఎవరింటికి వెళ్తోంది, చేతిలో డబ్బెంత, ఎత్తెంత, అన్నీ ఆ రెండో పేజీలోనే ఉన్నాయి. అక్క ఇంటికొచ్చిందట. కళ్ళు నీలం. నలుపు తెలుపు ఫొటోలో అది మాకెవరికీ తెలియలేదు. 1930 అమెరికా జనాభా లెక్కల్లో వలస వచ్చిన సంవత్సరం వేరేగా ఉంది, కానీ నేను ఓడ పట్టికనే నమ్మాను. ఏడాది చందా కట్టిన వేరే సైట్‌లో మాత్రం ఆమె ఇంటిపేరు తప్పుగా ఎక్కించడంతో వెతికితే వచ్చేదే కాదు.

స్కాట్లాండ్స్‌పీపుల్‌లో చందా లేదు. పేర్లు వెతకడం ఉచితం, పేజీ తెరవాలంటే 6 క్రెడిట్లు (సైట్‌లో ముందే డబ్బు కట్టి కొనుక్కునే పాయింట్లు), అంటే ఒకటిన్నర పౌండు. కొన్న పేజీ మన అకౌంట్‌లోనే ఉంటుంది. నా లెక్కన ఇది న్యాయమైన ధరే, అయితే ఒకే పేరున్నవాళ్ళను ఒక్కొక్కరినీ తెరుస్తూ పోతే డబ్బు ఇట్టే కరుగుతుంది. దగ్గరి తరాల పేజీలు ఆన్‌లైన్‌లో తెరుచుకోవు: జననాలకు 100 ఏళ్ళు, పెళ్ళిళ్ళకు 75, మరణాలకు 50 దాటాలి.

మీ ఇంట్లోనూ స్కాట్లాండ్ నుంచి వచ్చిన పెద్దావిడ ఎవరైనా ఉంటే, ముందు ఆమె స్థిరపడిన దేశంలో పెళ్ళి, మరణ రికార్డులు తెప్పించి తల్లి పుట్టింటి పేరు పట్టుకోండి. ఆ తర్వాతే క్రెడిట్లు కొనండి, మొదట జనన పేజీకే ఖర్చుపెట్టండి. 1861 తర్వాతిదైతే తల్లిదండ్రుల పెళ్ళి వివరం అందులోనే ఉంటుంది కాబట్టి ఇంకో తరం వెనక్కి వెళ్ళొచ్చు.