కొయోటీ గుండెలో పురుగు: కోసి చూడాలా, రక్తం చూస్తే చాలా?

అమెరికాలో ఒక్క హవాయి తప్ప అన్ని రాష్ట్రాల్లోనూ కొయోటీలు తిరుగుతాయి. చూడ్డానికి నక్కకు అన్న, తోడేలుకు తమ్ముడు. పెంపుడు కుక్కకైతే గుండెపురుగు రాకుండా నెలనెలా మాత్ర వేస్తారు. కొయోటీకి ఎవరు వేస్తారు? దాన్ని కుట్టిన దోమే రేపు పక్కింటి కుక్కనూ కుడుతుంది. అందుకే ఎన్ని కొయోటీలకు ఈ పురుగు ఉందో లెక్క కావాలి.

రోడ్డు మీద చచ్చినదో, వేటగాళ్లు కొట్టినదో దొరికితే గుండె కోసి చూస్తారు. కుడివైపు గదుల్నీ, ఊపిరితిత్తులకు వెళ్లే ధమనినీ కత్తెరతో చీల్చి కడిగితే ఉడికిన సేమ్యాలాంటి తెల్లటి పురుగులు బయటపడతాయి. ఆడది 25 నుంచి 30 సెంటీమీటర్లు, అంటే జానకు మించే. మగది అందులో సగం, తోక స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. ఆడవెన్నో మగవెన్నో లెక్కపెట్టుకోవచ్చు. కాకపోతే తూటా గుండెకే తగిలినా, శవం కుళ్లినా ఆ లెక్కను నమ్మలేం.

పట్టుకుని, మెడకు రేడియో కాలర్ కట్టి వదిలేసే కొయోటీని కోయలేం కదా! దానికి యాంటిజెన్ కిట్టే దిక్కు. నాలుగు చుక్కల రక్తం వేస్తే పది నిమిషాల్లో ఫలితం. అయితే కిట్టు పట్టేది ఎదిగిన ఆడపురుగు వదిలే ప్రోటీన్‌ని. ఉన్నవన్నీ మగవే అయితే ‘లేదు’ అంటుంది. దోమ కుట్టాక పురుగు ఎదగడానికి ఆరేడు నెలలు పడుతుంది, ఈలోపు చూసినా ‘లేదు’ అనే వస్తుంది. ఏడాది నిండని కొయోటీ విషయంలో ఆ మాట నేను నమ్మను. ఒక్కోసారి జంతువు యాంటీబాడీలే ఆ ప్రోటీన్‌ని కమ్మేస్తాయి. అప్పుడు ల్యాబులో సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైకి తేరే ద్రవం, వేడిచేసి మళ్లీ చూడాలి.

ఇక మైక్రోస్కోపు కింద రక్తంలో పురుగు పిల్లల్ని వెతకడం. బోదకాలు సర్వేవాళ్లు రాత్రిపూట వచ్చి వేలు గుచ్చి రక్తం తీసుకెళ్లడం గుర్తున్నవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఆ పురుగూ ఈ పురుగూ చుట్టాలే. గుండెలో పురుగులున్నా రక్తంలో పిల్లలు కనబడని జంతువులు చాలానే ఉంటాయి కాబట్టి లెక్కకు దీన్నొక్కదాన్నే నమ్ముకోలేం. కానీ ఈ కొయోటీ నుంచి దోమకు అంటుతుందా అని అడిగితే జవాబు చెప్పేది ఇదే. కుక్కను పెంచేవాళ్లకు కావలసిందీ ఆ జవాబే.

శవం చేతికొస్తే మాత్రం నా ఓటు కత్తెరకే. కోసేముందు గుండెలోంచి ఒక సిరంజి రక్తం తీసి పెట్టుకుంటే, కిట్టు ఎంత నిజం చెబుతోందో కూడా అక్కడికక్కడే తేలిపోతుంది.