సెంబేన్‌ను ఏ సినిమాతో మొదలుపెట్టాలి?

సెనెగల్ దర్శకుడు ఉస్మాన్ సెంబేన్ (1923–2007) సినిమా ఒక్కటీ చూడనివారికి నేను మూడు పేర్లు చెబుతాను: ‘లా నువార్ ద’ (1966), ‘మందాబి’ (1968), ‘కాం ద తియారోయ్’ (1988). మూడింటిలోనూ ఫ్రెంచి పాలన చేసిన గాయమే కథ. ముందు ఏది చూడాలన్నదే ప్రశ్న.

చిన్నది ‘లా నువార్ ద’. గంటసేపు, నలుపు తెలుపు. సెనెగల్ రాజధాని డకార్‌లో ఒక ఫ్రెంచి కుటుంబం పిల్లలను చూసుకునే జువానా వాళ్ల వెంట ఫ్రాన్స్‌లోని అంతీబ్‌కు వెళ్తుంది. వెళ్లేసరికి అక్కడ పిల్లలు లేరు. వంట, అంట్లు, ఊడ్పు. ఒకరోజు తల్లి పేరుతో ఉత్తరం వస్తుంది. జువానాకు చదువు రాదు. యజమాని చదివి వినిపిస్తాడు. అంతటితో ఆగడు, ఆమె నోరు విప్పకముందే జవాబు కూడా తనే రాయబోతాడు. జువానా ఆ ఉత్తరాన్ని చింపేస్తుంది. ఆ దృశ్యం చూసినప్పుడల్లా నా గొంతు పట్టేస్తుంది. అయినా ఒక లోటు ఉంది. మనకు వినిపించే ఆమె మనసులోని మాటలన్నీ ఫ్రెంచిలోనే ఉంటాయి.

‘కాం ద తియారోయ్’ను సెంబేన్, త్యెర్నో ఫాతీ సోతో కలిసి తీశాడు. రెండున్నర గంటల సినిమా. రెండో ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడి, జర్మన్ల చెరలో మగ్గి తిరిగొచ్చిన ఆఫ్రికా సైనికులు రావలసిన జీతం అడుగుతారు. వాళ్ల చేతిలోని ఫ్రెంచి నోట్లకు సగం విలువే కడతామంటారు అధికారులు. 1944 డిసెంబరు 1న డకార్ పక్కనున్న తియారోయ్ శిబిరంలో ఫ్రెంచి సైన్యం వాళ్లనే కాల్చి చంపింది. సెంబేన్ కూడా ఆ యుద్ధంలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసినవాడే. అందుకే ఆ బారకాసుల్లోని ముచ్చట్లు అంత సహజంగా ఉంటాయి. చాలా గొప్ప సినిమా. కానీ మొదటిసారి చూసేవారు ఇదంతా ఎప్పుడో ముగిసిన కథ అనుకునే ప్రమాదం ఉంది.

‘మందాబి’లో ఆ ప్రమాదం లేదు. స్వాతంత్ర్యం వచ్చేసింది, తెల్లవాళ్ల పాలన పోయింది. డకార్‌లో పనిలేక తిరిగే ఇబ్రహీమా జెంగ్‌కు పారిస్‌లో వీధులు ఊడ్చే మేనల్లుడు 25,000 ఫ్రాంకుల మనియార్డరు పంపుతాడు. అందులో ఇబ్రహీమాది 2,000 మాత్రమే. కబురు తెలియగానే భార్యలిద్దరూ కొట్లో అప్పు మీద సరుకులు తెచ్చేస్తారు. పోస్టాఫీసువాళ్లు గుర్తింపు కార్డు అడుగుతారు. కార్డుకు జనన ధ్రువపత్రం, ఫొటోలు, స్టాంపు కావాలి. పుట్టిన తేదీ చెప్పమంటే ‘1900 ప్రాంతంలో’ అంటాడాయన. తను పుట్టిన నేల మీద, తనవాళ్లే కూర్చున్న కిటికీల ముందు, ఆ పెద్దమనిషి తాను తానేనని రుజువు చేసుకోలేకపోతాడు. దొరలు వెళ్లినా వాళ్ల కాగితం కుర్చీలో కూర్చునే ఉంది. వలస పాలన ఎంత లోతుకు దిగిందో ఇంతకంటే స్పష్టంగా చూపిన సినిమా నేను చూడలేదు.

పైగా ఇందులో జనం సెనెగల్‌లో ఎక్కువమంది మాట్లాడే వొలోఫ్ భాషలో మాట్లాడతారు. ఫ్రాన్స్‌లోని మార్సెయ్ రేవులో కూలీగా పనిచేసి, ఫ్రెంచిలో నవలలు రాసి పేరు తెచ్చుకున్న సెంబేన్, తన జనంలో ఎక్కువమంది ఆ పుస్తకాలు చదవలేరని గ్రహించే సినిమా వైపు మళ్లాడు. 1962లో మాస్కో వెళ్లి నేర్చుకున్నాడు. నిర్మాణానికి ఫ్రాన్స్ డబ్బు తీసుకోవలసి రావడంతో ‘మందాబి’ని ఫ్రెంచిలోనూ తీశాడు. మీరు వొలోఫ్‌దే వెతికి చూడండి. బేరాలు, తిట్లు, దీవెనలు అన్నీ ఆ భాషలోనే పండాయి.

కాబట్టి నా ఓటు ‘మందాబి’కే. అది చూశాక అదే రాత్రి ‘లా నువార్ ద’ పెట్టుకోండి. జువానా ఉత్తరం చింపే చోటికి వచ్చేసరికి, ఇబ్రహీమా తనకొచ్చిన ఉత్తరాన్ని ఇంకొకరితో చదివించుకోవడం గుర్తొస్తుంది. తియారోయ్‌ను మాత్రం తీరికున్న రోజుకు ఉంచుకోండి. అది చూశాక వెంటనే వేరే పనిలో పడలేరు.